ఉత్తరపు కిటికీ

శ్రీకాకుళం పక్కనున్న అరసవల్లి సూర్యదేవాలయానికి ఏటా మార్చి రెండవ వారంలోనూ, అక్టోబరు మొదటి వారంలోనూ జనం తెల్లవారకముందే చేరుకుంటారు. ఆ రోజులలో ఉదయకిరణాలు నేరుగా గర్భగుడిలోకి వచ్చి మూలవిరాట్టు పాదాలను తాకుతాయి. మిగిలిన రోజులలో ఎందుకు తాకవు? సూర్యుడు ప్రతిదినమూ ఒకేచోట ఉదయించడు గనుక. ఆరు నెలలు ఉత్తరంగా, ఆరు నెలలు దక్షిణంగా జరుగుతూ ఉంటాడు. ఈ సంగతికీ, మన ఇంట్లో మామ్మకు ఫోటో తీయడానికీ దగ్గర సంబంధం ఉన్నది. అది తెలియాలంటే ఫోటో స్టూడియో ఎలా పుట్టినదో చూడవలె.

1839లో ఫ్రాన్సు దేశస్థుడు డగేర్ తన ఛాయాచిత్ర విధానాన్ని లోకానికి వెల్లడించాడు. వెండి పూసిన ఆ రేకు మీద బొమ్మ పడడానికి మొదట్లో నిమిషాల కొద్దీ కాలం పట్టేది. కూర్చున్న మనిషి తల కదలకుండా వెనుక నుండి ఇనుప పట్టుతో బిగించేవారు. విద్యుద్దీపాలు లేని ఆ రోజులలో సూర్యుడే దీపం. అందుచేత 1841 మార్చిలో రిచర్డ్ బియర్డ్ లండన్‌లో మొదటి స్టూడియోను ఒక భవనం పైభాగాన, అద్దాల కప్పు కింద తెరిచాడు. ఆ అద్దాలు నీలిరంగువి. నాటి రేకులు ముఖ్యంగా నీలికాంతికే స్పందించేవి. కనుక నీలి అద్దం బొమ్మకు లోటు చేయక, కూర్చున్నవారి కళ్ళకు మాత్రం మిరుమిట్లు తగ్గించేది.

ఈ గుణం వలన ఒక చిక్కు కూడా వచ్చింది. పసుపు, ఎరుపు రంగులు ఆ కాలపు చిత్రాలలో నల్లబడేవి. పసుపు రాసుకొని కుంకుమబొట్టు పెట్టుకున్న ముఖం ఎలా కనబడి ఉంటుందో ఊహించండి! కొన్ని రంగుపదార్థాలను చేర్చితే ఫలకం ఇతర రంగులకూ స్పందిస్తుందని 1873లో జర్మనీ శాస్త్రజ్ఞుడు వోగెల్ కనుగొన్నాడు. ఎరుపును చక్కగా గ్రహించే ఫలకాలు ఇరవయ్యవ శతాబ్దపు ఆరంభంలోగాని బజారుకు రాలేదు.

స్టూడియోకు మేడలే అక్కరలేదని నిరూపించిన స్త్రీ జూలియా మార్గరెట్ కామెరాన్. ఆమె 1815లో కలకత్తాలో జన్మించింది. 1863లో కుమార్తె కానుకగా ఇచ్చిన కెమెరాతో, ఇంగ్లండులోని వైట్ ద్వీపంలో తన ఇంటి ఆవరణలోని అద్దాల కోళ్ళగూడునే చిత్రశాలగా, బొగ్గుల కొట్టును చీకటిగదిగా మార్చుకొన్నది. ఆమె తీసిన ముఖచిత్రాలను నేటికీ ప్రపంచం మెచ్చుకుంటున్నది.

మన తెలుగునాట సికింద్రాబాదులో స్టూడియో నెలకొల్పిన రాజా దీన్‌దయాళ్ 1892లో హైదరాబాదులో స్త్రీలకు ప్రత్యేకంగా మరొకటి తెరిచాడు. దాని చుట్టూ ఎత్తయిన గోడలు. లోపల చిత్రాలు తీసేవారూ స్త్రీలే. ఘోషా పాటించే ఇల్లాలి రూపం కూడా బిడ్డలకు మిగలాలంటే అటువంటి ఏర్పాటు కావలసి వచ్చింది. బజారుకు వెళ్ళి కెమెరా ముందు కూర్చోలేని పెద్దలు ఈనాటికీ ఎందరో ఉన్నారు. వారికి తమ ఇల్లే తగిన స్టూడియో.

ఐరోపా చిత్రకారులు, వారి వెనుక ఫోటోగ్రాఫర్లు పాటించిన సూత్రం ఒకటి ఉన్నది: కిటికీ ఉత్తరాన ఉండవలె. లండన్ 51½ డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉన్నది. అక్కడ మధ్యాహ్న సూర్యుడు ఏనాడూ ఉత్తరానికి రాడు. వేసవిలో పొద్దుటా సాయంకాలమూ తప్ప ఉత్తరపు కిటికీలో ఎండ పడదు, ఆకాశపు వెలుగే వస్తుంది. ఎండ చిన్న సూర్యబింబం నుండి వస్తుంది గనుక నీడ అంచు కత్తితో కోసినట్లుంటుంది. ఆకాశం విశాలమైన కాంతిజనకం. దాని వెలుగులో నీడ మెల్లమెల్లగా కరిగిపోతుంది. ముఖం గుండ్రదనం తెలుస్తుంది, కళ్ళు చిట్లించనక్కరలేదు.

ఈ సూత్రాన్ని విజయనగరంలో కంఠస్థం చేసి పాటిస్తే ఏమవుతుంది? మన ఊళ్ళు 18 డిగ్రీల అక్షాంశం దగ్గర, కర్కటరేఖకు దక్షిణంగా ఉన్నవి. మే నెల మధ్య నుండి జులై ఆఖరు వరకు మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు మనకు ఉత్తరాననే ఉంటాడు. జూన్ 21న ఉదయించే చోటు తూర్పుకు దాదాపు 25 డిగ్రీలు ఉత్తరంగా ఉంటుంది. కాబట్టి వేసవి పొద్దుటి ఎండ ఉత్తరపు కిటికీలోనికి ఏటవాలుగా జొరబడుతుంది. అయితే మన పెంకుటింటి చూరు మనల్ని ఆదుకుంటుంది. ఆనాడు తొమ్మిది దాటేసరికి, మీటరు ముందుకు వచ్చిన చూరు గోడమీద నాలుగు మీటర్ల వరకు నీడనిస్తుంది. అంతకుముందే తీయవలసి వస్తే కిటికీకి పలుచని తెల్లపంచె కడితే చాలు. శీతకాలంలో ఈ బాధ లేదు. వానాకాలపు మబ్బు ఆకాశమంతటినీ ఒకే దీపంగా చేస్తుంది.

ఇక ఏర్పాటు సులభం. ఉత్తరపు కిటికీకి సుమారు మీటరు దూరంలో, దానికి ఒక పక్క వచ్చేలా పీట వేయండి. నీడపడిన చెంప వైపు తెల్లని దుప్పటి వేలాడదీస్తే, అది కాంతిని పరావర్తనం చేసి నీడను పలుచన చేస్తుంది. గదిలో విద్యుద్దీపం ఆర్పండి. రెండు వెలుగుల రంగులు కలిస్తే చర్మం రంగు మారుతుంది. కెమెరాను ముఖానికి రెండు మీటర్ల దూరంలో ఉంచండి. మరీ దగ్గరయితే ముక్కు పెద్దదిగా కనబడుతుంది. ఫోను కెమెరా అయినా ఇదే నియమం.

ఉపాధ్యాయులు ఒక పని చేయించవచ్చును. తరగతిగది ఉత్తరపు కిటికీలో ఎండ ఏ తేదీన, ఏ గంటకు పడినదో సంవత్సరం పొడుగునా విద్యార్థుల చేత వ్రాయించండి. లండన్‌లో పుట్టిన సూత్రం మన ఊరిలో ఎంతవరకు నిజమో ఆ పట్టికే చెబుతుంది. ఆ తరువాత ప్రతి విద్యార్థీ ఇంటిలోని పెద్దవారికి ఒక్క ఫోటో తీసి, వెనుక పేరూ తేదీ వ్రాసి దాచవలె. పేరు లేని ముఖాన్ని ముందుతరం గుర్తుపట్టలేదు.