అరిగిన లేత్ బెడ్డు – మూడు పలకల న్యాయము

కుమ్మరికి సారె యెట్టిదో, యంత్రములు చేయువారికి లేత్ అట్టిది. మన వడ్రంగులు తరిమెన పట్టి కొయ్యను గుండ్రముగా తీర్చుట చిరకాలముగా ఎరుగుదురు. తరిమెనపై ఉలిని పనివాని చేయి నడుపును. లోహపు లేత్‌లో ఉలిని క్యారేజి మోయును. క్యారేజిని బెడ్డు నడుపును. బెడ్డనగా పోత ఇనుముతో చేసిన పొడవైన పీఠము. దానిపై పట్టాలవంటి దారులు ఉండును. దారి వంకరయైనచో దానిపై కోసిన ఇరుసును వంకరయే అగును.

తెలంగాణములో రైలు, బొగ్గు ఈ యంత్రము అవసరమును పెంచినవి. 1874లో వాడి నుండి సికింద్రాబాదునకు రైలు వచ్చినది. 1886లో ఆ దారి జనగామ మీదుగా వరంగల్లు చేరినది. 1889లో, మానుకోట అని జనులు పిలుచు మహబూబాబాదు మీదుగా, బెజవాడతో కలిసినది. 1893లో లాలాగూడలో నిజాము రైల్వే కర్మాగారము ఏర్పడినది. అరిగిన చక్రములను, ఇరుసులను తిరిగి కోయనిదే రైలు నడువదు. ఇల్లెందులో మొదలైన సింగరేణి గనులు నేడు భూపాలపల్లి వరకు వ్యాపించినవి. గనిలోని పంపులకును ఇరుసులే ఆధారము. 1943లో సికింద్రాబాదున ప్రాగా టూల్స్, 1953లో బెంగుళూరున హిందుస్థాన్ మెషిన్ టూల్స్ వెలసిన పిమ్మట యంత్రములను చేయు యంత్రములు మన దేశముననే తయారగుట విస్తరించినది.

అయితే లేత్‌కును వార్ధక్యము కలదు. పని ఎక్కువగా చక్ సమీపముననే జరుగును గనుక బెడ్డు అచ్చటనే అరుగును. ముందు దారిపై కోత బరువును, ఇనుప రజనును ఎక్కువగా పడుటచే అది వెనుక దారికంటె త్వరగా పల్లమగును.

ఈ అరుగుదల ఎంత హాని చేయునో లెక్కించి చూతము. రెండు దారులును సమముగా 0.1 మి.మీ. అరిగి, ఉలి నిలువుగా దిగినదనుకొందము. 25 మి.మీ. వ్యాసార్ధము గల కడ్డీపై, పైథాగరస్ సిద్ధాంతము ప్రకారము, వచ్చు తేడా 0.0002 మి.మీ. మాత్రమే. ఇది లెక్కకు రాదు. ముందు దారి ఒక్కటే 0.1 మి.మీ. అరిగినచో సంగతి వేరు. దారుల నడుమ దూరము 300 మి.మీ., బెడ్డుపై ఉలి ఎత్తు 240 మి.మీ. అయినచో, క్యారేజి ముందునకు ఒరిగి, ఉలి 0.08 మి.మీ. వెనుదీయును. వ్యాసములో తేడా దానికి రెట్టింపు, అనగా 0.16 మి.మీ. బేరింగు కూర్చుండు చోట మి.మీ.లో నూరవ వంతులే లెక్క. అట్టి ఇరుసు బేరింగులో ఇముడదు.

మరి వంకర బెడ్డును చదును చేయుటకు చదునైన కొలమానము ఎక్కడ నుండి వచ్చును? ఆ కొలమానమును దేనితో సరిచూతురు? ఈ చిక్కుకు సమాధానము 19వ శతాబ్దపు ఇంగ్లండులో స్థిరపడినది. స్క్రూలు కోయు లేత్‌ను తీర్చిదిద్దిన హెన్రీ మాడ్‌స్లే తన పనివారి బల్లలపై సమతల పలకలను ఉంచెను. ఆయన కర్మాగారములో పనిచేసిన జోసెఫ్ విట్‌వర్త్ 1840లో గ్లాస్గోలో బ్రిటిష్ అసోసియేషన్ సభ ముందు నిజమైన సమతలములను సాధించు విధానమును వివరించెను.

రెండు పలకలు ఒకదానికొకటి అతికినంత మాత్రమున అవి చదునైనవి కావు. రెండు గరిటెలును ఒకదానిలో నొకటి ఇముడును గదా! కావున మూడు పలకలు కావలెను. ‘క’ పలకకు ‘ఖ’, ‘గ’ పలకలను సరిపడునట్లు చేయుదురు. ‘క’ ఉబ్బుగా నున్నచో ‘ఖ’, ‘గ’ రెండును పల్లములగును. పిమ్మట ఆ రెంటిని ఎదురెదురుగా ఉంచగా అంచులు మాత్రమే తాకి దోషము బయటపడును. దానిని రెండిటిలోను సగము సగము సరిచేసి, పలకలను మార్చి మార్చి, పావువంతు త్రిప్పియు పరీక్షించినచో మూడును సమతలమునకు చేరును. అంతకు ముందు పలకలను కురువింద పొడితో రాచుచుండిరి. రాచుటకంటె, ఎత్తైన చోట్లను మాత్రమే గీకి తీయుట మేలని విట్‌వర్త్ నిరూపించెను.

బెడ్డును బాగుచేయువారు నేటికిని అదే న్యాయమును పాటింతురు. ముందుగా బెడ్డును మెలిక లేకుండ మట్టముగా నిలిపి, క్యారేజి ఎన్నడును చేరని, అరగని చోట్లను ఆధారముగా గైకొందురు. స్ట్రెయిట్ ఎడ్జికి నీలి రంగు పలుచగా పూసి దారిపై జరుపగా, ఎత్తైన చోట్ల రంగు అంటును. వాటిని మాత్రమే స్క్రేపరుతో గీకి, మరల రంగు పూసి, మరల చూతురు. రంగు చుక్కలు దారి నిండ సమముగా పరచుకొను వరకు ఈ పని సాగును. పల్లము లోతైనచో ముందు గ్రైండింగు చేయింతురు. గట్టిపరచిన బెడ్డుపై స్క్రేపరు పారదు గనుక దానికి గ్రైండింగే శరణ్యము.

బెడ్డుతోనే పని ముగియదు. క్యారేజి అడుగును కొత్త దారులకు సరిపడ గీకవలెను. క్యారేజి దిగినంత మేర లీడ్ స్క్రూతో పొత్తు తప్పును గనుక, అడుగున పలుచని ప్లాస్టిక్ పట్టీ అంటించి ఎత్తుదురు. టెయిల్ స్టాకు ఎత్తును సరిచేయుదురు. చివరకు ఒక కడ్డీని కోసి, రెండు కొనల వ్యాసములను మైక్రోమీటరుతో పోల్చుదురు. ఆ కొలతే తీర్పు.

చిన్న పట్టణపు మరమ్మతు దుకాణములో పాత లేత్ తుక్కు క్రింద పోయినచో, పంపు ఇరుసు చెడిన రైతు ఆ పనికై నగరమునకు పోవలసి వచ్చును. బెడ్డు బాగుపడినచో ఆ యంత్రము మరి కొన్ని దశాబ్దములు పనిచేయును. పాత లేత్‌లో ఇనుము మిగిలియే యున్నది; దానిని గీకి సరిచేయు నేర్పు కలవారు అరుదగుచున్నారు. మూడు పలకల న్యాయమును పాఠశాలలో బోధించుట ఆ నేర్పునకు తొలి మెట్టు.