దుక్కిలో తేలే బాణపు మొనలు

తొలకరి వాన వెలిశాక ఎర్రనేలల్లో పైమట్టి కొట్టుకుపోయి సన్నరాళ్లు బయటపడతాయి. వాటిలో గోరంత చెకుముకి ముక్క ఒకటి నెలవంక ఆకారంలో, ఒక అంచు పదునుగా, రెండో అంచు మొద్దుగా కనిపిస్తే దాన్ని వదిలి పోకూడదు. వేల ఏళ్ల కిందటి వేటగాడు తన బాణానికి బిగించుకున్న మొన కావచ్చది.

బాణం మనం అనుకునేదానికన్నా చాలా పాతది. దక్షిణాఫ్రికాలోని సిబుదు గుహలో 60,000 ఏళ్లకు పైబడిన రాతి మొనలు దొరికాయి. వాటి మీది దెబ్బల గుర్తులనూ జిగురు ఆనవాళ్లనూ చూసి, అవి బాణాలకు బిగించినవేనని పరిశోధకులు భావిస్తున్నారు. శ్రీలంకలోని ఫాహియాన్ గుహలో సుమారు 48,000 ఏళ్ల నాటి ఎముక మొనలు బయటపడ్డాయి. మన నంద్యాల జిల్లా బనగానపల్లె దగ్గరి జ్వాలాపురంలో, కొండచరియ నీడన జరిపిన తవ్వకాల్లో సుమారు 35,000 ఏళ్ల నాటి సూక్ష్మ శిలా పరికరాలు దొరికాయి. మన నేలలో ఈ పనితనం అంత లోతుకు వేళ్లూనింది.

బాణపు మొన అనగానే రావి ఆకులా కోసుగా, కింద కాడతో ఉండే రాయి మనసులో మెదులుతుంది. అమెరికా పొలాల్లో అలాంటివి విరివిగా దొరుకుతాయి. మన దగ్గర అవి అరుదు. ఇక్కడి వేటగాళ్లు గుండ్రాయితోనో, కొమ్ముతోనో చెకుముకి రాయిని కొట్టి సన్నని బద్దలు తీసేవారు. వాటిని విరిచి నెలవంకలుగా, త్రిభుజాలుగా మలిచి, వీపు భాగాన్ని చిన్న చిన్న పెచ్చులు లేపి మొద్దు చేసేవారు. ఆ మొద్దు వైపు పుల్లకు కోసిన గాడిలో కూర్చుని జిగురుతో పట్టుకుంటుంది, పదును వైపు బయటికి ఉంటుంది. పుల్ల, జిగురు మట్టిలో కలిసిపోతాయి కాబట్టి మనకు రాయి ఒక్కటే మిగులుతుంది. స్వీడన్‌లో లోష్‌హుల్ట్ అనే చోట 1951లో ఊబినేలలో రాతి ముక్కలు అతికి ఉన్న బాణమే దొరికింది. ఆ చిన్న రాళ్ల పని ఏమిటో దానితో కళ్లారా తెలిసింది.

అయితే ప్రతి సూక్ష్మ పరికరమూ బాణపు మొన కాదు. కొన్నింటిని వరసగా గాడిలో పేర్చి కత్తులుగా, కొడవళ్లుగా వాడారు.

ఇలాంటి రాతి పనిముట్లు మనిషి చేసినవని లోకం ఒప్పుకోవడానికి చాలా కాలం పట్టింది. యూరప్‌లో రైతులు వీటిని పిడుగుతో పాటు ఆకాశం నుంచి పడ్డ రాళ్లనుకుని, ఇంటికి రక్షగా దాచుకునేవారు. 16వ శతాబ్దంలో ఇటలీ వైద్యుడు మికేలే మెర్కాటి ఇవి ఇనుము ఎరుగని మనుషుల ఆయుధాలని రాశాడు. ఆయన పుస్తకం 1717లో గానీ అచ్చు కాలేదు. మన దేశంలో ఈ చూపు తెరిచినవాడు భూగర్భ సర్వే శాఖకు చెందిన రాబర్ట్ బ్రూస్ ఫుట్. 1863 మే 30న మద్రాసు పక్కన పల్లావరంలో ఆయనకు ఒక పాత రాతియుగపు చేగొడ్డలి దొరికింది. తరువాత బళ్లారి, అనంతపురం, కర్నూలు ప్రాంతాలు తిరిగి పరికరాలు పోగుచేశాడు. ఆ సేకరణను 1904లో మద్రాసు మ్యూజియం కొన్నది. ఏ రాయి ఎక్కడ దొరికిందో రాసి పెట్టడం వల్లే అది నేటికీ పనికొస్తోంది.

రాయిని గుర్తించడానికి ముందు దాని జాతి చూడాలి. మీ పొలంలో సహజంగా ఉండని చెకుముకి, అకీకు వంటి రాళ్లు ఎక్కడి నుంచో తెచ్చినవి కావచ్చు. తరువాత దెబ్బ పడిన చోటు చూడాలి. మనిషి కొట్టి తీసిన పెచ్చుకు ఆ చోటి కింద చిన్న ఉబ్బు, దాని నుంచి విస్తరించే వంపు గీతలు ఉంటాయి. అంచు వెంట ఒకే తీరున సన్నని పెచ్చులు లేపిన వరస ఉంటే నమ్మకం పెరుగుతుంది. ట్రాక్టరు నాగలి తగిలినా రాయి విరుగుతుంది. ఆ విరుపు తాజా రంగులో మెరుస్తుంది. పాత విరుపు రాతి పైపొర రంగుకు తిరిగి ఉంటుంది. చుట్టుపక్కల బద్దలు, పెచ్చులు, బద్దలు తీయగా మిగిలిన ముద్ద కలిసి కనిపిస్తే ఒకప్పుడు అక్కడ పనిముట్లు చేశారని అర్థం.

తెలంగాణలో రాకాసి గుళ్లని పిలిచే సమాధుల్లో ఇనుప బాణపు మొనలు దొరుకుతాయి. ఇనుము వచ్చిన తరువాతి కథ అవి చెబుతాయి. అంతకు ముందటి వేల ఏళ్ల కథ ఈ చిన్న రాళ్లదే. దాన్ని చదవాలంటే రాయి ఒక్కటే చాలదు, అది పడి ఉన్న చోటు తెలియాలి. ఊరు, సర్వే నంబరు తెలియకుండా డబ్బాలో పోగైన వంద రాళ్ల కన్నా చోటు తెలిసిన ఒక్క రాయి విలువైనది.

అందుకే రైతు సోదరులకు ఒక మనవి. అలాంటి రాయి కనిపిస్తే తీయకముందే, పక్కన ఒక నాణెం పెట్టి ఫోటో తీయండి. తేదీ, పొలం సర్వే నంబరు రాసుకోండి. ఇంకా ఉన్నాయేమోనని తవ్వకండి. రాష్ట్ర పురావస్తు శాఖకు గానీ, దగ్గరి విశ్వవిద్యాలయంలోని చరిత్ర విభాగానికి గానీ తెలియజేయండి. నూరేళ్లు దాటిన ఇలాంటి వస్తువులను లైసెన్సు లేకుండా అమ్మే వ్యాపారం చేయడం 1972 నాటి పురావస్తు చట్టం ప్రకారం నేరం. మీ పొలం చరిత్రను అందరికన్నా ముందు చూసేది మీరే కాబట్టి, దాన్ని కాపాడే అవకాశమూ ముందుగా మీదే.