కోల్‌కతా వేగ పరిమితులు

కోల్‌కతాలో మోటారు బండ్ల వేగానికి చట్టం గీసిన హద్దులు, అవి కార్ల మీద, లారీల మీద పనిచేసిన తీరు ఈ వ్యాసానికి విషయం. పగటిపూట ఈ నగరంలో వేగాన్ని నిర్ణయించేది బోర్డు కాదు, రద్దీ. టామ్‌టామ్ సంస్థ 2024 లెక్కల ప్రకారం ఇక్కడ 10 కి.మీ. ప్రయాణానికి సగటున 34 నిమిషాల 33 సెకన్లు పట్టింది. అంటే గంటకు 17 కి.మీ. పైచిలుకు. ఆ జాబితాలో ఇంతకంటే నెమ్మదైన భారతీయ నగరం మరొకటి లేదు. పరిమితి అన్న మాటకు ఇక్కడ అర్థం వచ్చేది రాత్రి పొద్దుపోయాక, అదీ ఫ్లైఓవర్ల మీద, ఈస్టర్న్ మెట్రోపాలిటన్ బైపాస్ వంటి వెడల్పాటి రోడ్ల మీద.

1914లో అఖిల భారత స్థాయిలో మోటారు వాహనాల చట్టం వచ్చింది. 1939 చట్టం బండి రకాన్నిబట్టి, గాలి టైర్లున్నాయా లేవా, వెనక ట్రెయిలర్ కట్టారా అన్నదాన్నిబట్టి వేగాన్ని విడదీసింది. తర్వాతి అర్ధ శతాబ్దం దాని మీదే నడిచింది.

ఇప్పుడు అమల్లో ఉన్నది 1988 చట్టం. దాని 112వ సెక్షన్ ప్రకారం గరిష్ఠ వేగాన్ని కేంద్రం నిర్ణయిస్తుంది. ఫలానా రోడ్డు మీదనో వంతెన మీదనో ప్రజల భద్రత కోసం ఇంకా తగ్గించే అధికారం రాష్ట్రానిది. అందుకు గెజిట్‌లో ప్రకటించాలి, రోడ్డు పక్కన బోర్డు పాతాలి. 183వ సెక్షన్ ఇంకా ముందుచూపుతో రాసినది. ‘నా కంటికి వేగంగా పోయినట్టు కనిపించింది’ అని ఒక్క సాక్షి చెబితే శిక్ష పడదు, ఆ అంచనాకు యంత్రం ఆధారం ఉండాలి. ట్రాఫిక్ పోలీసు చేతికి లేజర్ గన్ వచ్చింది ఇందుకే. అదే సెక్షన్‌లో మరో మంచి మాట ఉంది: పరిమితి దాటకుండా చేరుకోలేని టైం టేబుల్‌ను యజమాని ప్రకటిస్తే, తప్పు అతనిదేననడానికి అదే ప్రాథమిక సాక్ష్యం.

కార్లకు, లారీలకు దారులు స్పష్టంగా వేరైంది 2015లో. ఆ ఏడాది అక్టోబరు 1 నుంచి కొత్త రవాణా వాహనాలకు 80 కి.మీ. దగ్గర ఆగే స్పీడ్ గవర్నర్ తప్పనిసరైంది. టిప్పర్లకు, ట్యాంకర్లకు, స్కూలు బస్సులకు 60. డ్రైవరు మనసుతో పనిలేదు, ఇంజనే మొరాయిస్తుంది. సొంత కారుకు అలాంటి కళ్లెం లేదు. 2018 ఏప్రిల్ 6 నాటి కేంద్ర నోటిఫికేషన్ పరిమితులను పెంచింది: ఎక్స్‌ప్రెస్‌వే మీద కారుకు 120, సరుకు లారీకి 80; పురపాలక హద్దుల్లో కారుకు 70, లారీకి 60. 2021లో మద్రాసు హైకోర్టు దాన్ని కొట్టివేసింది.

అంకె మారినంత మాత్రాన వేగం అంతే మారదు. అమెరికాలో 1974లో 55 మైళ్లకు కట్టేసిన పరిమితిని 1987లో ఊళ్ల వెలుపలి అంతర్రాష్ట్ర రహదార్లపై 65కు సడలించారు. పరిమితి 10 మైళ్లు పెరిగితే సగటు వేగం పెరిగింది 3, 4 మైళ్లే. అయితే ఆ కొంచెమూ చిన్నది కాదు. స్వీడన్ పరిశోధకుడు యోరాన్ నిల్సన్ సూత్రం ప్రకారం సగటు వేగం ఒక శాతం పెరిగితే మరణాలు నాలుగు శాతం దాకా పెరుగుతాయి.

కోల్‌కతాను కదిలించినవి సూత్రాలు కావు, ప్రమాదాలు. 2016 జనవరి 13 తెల్లవారుజామున రెడ్ రోడ్డులో గణతంత్ర దినోత్సవ కవాతు సాధన జరుగుతుండగా ఒక ఖరీదైన కారు బారికేడ్లు దాటుకొచ్చి వాయుసేన కార్పొరల్‌ను బలిగొంది. రెండో ప్రపంచ యుద్ధంలో విమానాలు దిగిన రోడ్డు అది. తిన్నగా, వెడల్పుగా ఉంటుంది, కాలు యాక్సిలరేటర్ మీద ఆగదు. ఆ ఏడాది జులైలోనే ముఖ్యమంత్రి మమతా బెనర్జీ ‘సేఫ్ డ్రైవ్ సేవ్ లైఫ్’ ప్రచారం ప్రారంభించారు. 2016లో 400 దాటిన నగర రోడ్డు మరణాలు 2019 నాటికి 300 లోపుకు దిగాయి. మెచ్చుకోదగ్గ తగ్గుదలే. అయినా 2019 ఆగస్టులో షేక్‌స్పియర్ సరణిలో దూసుకొచ్చిన కారు మరో కారును గుద్దింది. ఆ ప్రమాదంలో, వానకు పోలీసు కియోస్క్ చాటున నిలబడిన ఇద్దరు బంగ్లాదేశీయులు చనిపోయారు.

2019 సవరణ చట్టం అతివేగానికి కారుకు 1,000–2,000, భారీ వాహనాలకు 2,000–4,000 రూపాయల జరిమానా పెట్టింది. పశ్చిమ బెంగాల్ మొదట దాన్ని అమలు చేయనంది. జరిమానాలు పెంచింది 2022లో.

లారీల విషయంలో నగరం నమ్ముకున్నది వేగం కాదు, వేళ. పగలు భారీ సరుకు వాహనాలకు ప్రవేశం లేదు. విజయవాడ, విశాఖల మీదుగా 16వ జాతీయ రహదారి పట్టి వచ్చే లారీకైనా అంతే. 2023 ఆగస్టు 4న బెహాలా చౌరస్తాలో లారీ కింద పడి ఒక చిన్నారి మరణించాక ఆ వేళలు మరింత బిగిశాయి.

ప్రైవేటు బస్సులది మరో కథ. డ్రైవరుకు, కండక్టరుకు జీతం బదులు టికెట్ల మీద కమిషన్ ఉంటుంది గనుక, ముందు స్టాపు అందుకున్నవాడికే డబ్బు. ఈ పందేన్ని బెంగాలీలు ‘రేషారేషి’ అంటారు. 2024 నవంబరులో సాల్ట్ లేక్‌లో ఇలాంటి పందెంలో ఒక బడిపిల్లవాడు మరణించిన తర్వాత, కమిషన్ పద్ధతిని మాన్పించే విషయమై రవాణా శాఖ బస్సు యజమానులతో చర్చలు మొదలుపెట్టింది.