సొట్ట తీయు విద్య: కంచరి సుత్తి నుండి కారు రేకు వరకు

విజయవాడ చెంతనున్న ఇబ్రహీంపట్నము నుండి ఒక రహదారి మైలవరము, తిరువూరు, కొత్తగూడెము, భద్రాచలముల మీదుగా జగదల్‌పూరు వైపునకు సాగును. నేడు దానిని 30వ జాతీయ రహదారి అందురు. సింగరేణి బొగ్గు లారీలు, భద్రాచల యాత్రికుల కార్లు, పల్లెలకు పోవు బస్సులు ఈ ఒక్క దారినే పంచుకొనును. ఇట్టి దారిపైనున్న తిరువూరు వంటి పట్టణమున కారు తలుపునకో, మడ్గార్డునకో సొట్ట పడుట వింత కాదు. ఆ సొట్టను తీయువానిని మన ప్రాంతమున టింకరు అందురు. అతడు సుత్తితో నాలుగు దెబ్బలు వేసి పని ముగించెనని చూచువారు అనుకొందురు. కాని దెబ్బ వేయుట సులభము. ఎక్కడ వేయవలెనో, ఎక్కడ వేయరాదో తెలియుటయే విద్య. ఈ విద్యకు చాల పాత చరిత్ర కలదు.

కంచరి కొలిమిలో

కార్లు రాకపూర్వమే తెలుగు దేశమున రేకు పని పెరిగినది. నూతి గట్టుపై జారిపడి సొట్టపోయిన ఇత్తడి బిందెను కంచరి ఇంటికి పంపెడివారు. కంచరి బిందె లోపల ఇనుప దిమ్మను ఆనించి, పైనుండి చిన్న సుత్తితో మెల్లగా తట్టి దానిని తిరిగి గుండ్రముగా చేసెడివాడు. నేటి జనగామ జిల్లాలోని పెంబర్తి గ్రామమున ఇత్తడి రేకును లక్కపై పరచి, సుత్తితోను ఉలితోను బొమ్మలను లేపు కళ ఇప్పటికిని నిలిచియున్నది.

రేకును పదే పదే కొట్టినచో అది గట్టిపడి, తుదకు చీలునని ఈ పనివారందరికి తెలియును. అందుచే నడుమ నడుమ దానిని నిప్పులో కాల్చి మెత్తబరచెదరు. కారణము చెప్పు గ్రంథము వారికి లేదు. చేతికి మాత్రము అనుభవము కలదు.

కారు రేకు పుట్టుక

తొలినాటి కార్ల శరీరము చాలవరకు కొయ్య చట్రమే. దానిపై రేకులు తాపెడివారు. అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరమున ఎడ్వర్డ్ బడ్ అను పారిశ్రామికుడు 1912లో ఒక సంస్థను స్థాపించి, ఉక్కు రేకులను అచ్చులలో నొక్కి అతుకు పద్ధతిని పెంపొందించెను. 1914లో డాడ్జి సోదరులు తమ కార్లకు ఇట్టి ఉక్కు శరీరములనే తీసికొనిరి. ఫ్రాన్సులో సిట్రోయెన్ సంస్థ 1934లో వేరు చట్రము లేక, శరీరమే బరువును మోయునట్టి కారును పెద్ద యెత్తున తయారు చేయసాగెను. కారు రేకు ఆనాటి నుండి కప్పు మాత్రమే కాదు, ఎముక కూడ అయినది.

సొట్టలోని శాస్త్రము

లోహమును లాగినపుడు, ఒక హద్దు వరకు లాగిన బలమునకు తగినట్లు సాగుననియు, వదలినచో యథాస్థితికి వచ్చుననియు ఆంగ్ల శాస్త్రజ్ఞుడు రాబర్ట్ హుక్ 1678లో ప్రకటించిన సూత్రము వలన తెలియుచున్నది. మెత్తని ఉక్కునకు ఈ హద్దు ఇంచుమించు వేయింట ఒక వంతు. అనగా ఒక మీటరు పొడవుగల పట్టీ సుమారు ఒక మిల్లీమీటరు సాగువరకు తిరిగి రాగలదు. అది దాటినచో మార్పు శాశ్వతము.

తరగతి గదిలో దీనిని సులభముగా చూడవచ్చును. సన్నని ఇనుప తీగను ఒకచోట పదునుగా వంచి, తిరిగి రెండు చేతులతో సరిచేయుడు. తీగ ఎక్కడ వంగినదో అక్కడ తిన్నగా కాదు. ఆ వంపునకు ఇరుప్రక్కల క్రొత్తగా వంగును. వంగిన చోట లోహము గట్టిపడుటయే ఇందుకు కారణము.

ఎందుకు గట్టిపడును? ఇంగ్లండులో టేలర్, మరి ఇద్దరు శాస్త్రజ్ఞులు ఒరొవాన్, పొలాన్యి, ఈ ముగ్గురును వేరువేరుగా 1934లో దీనికి మార్గము చూపిరి. లోహములోని అణువులు వరుసలు తీరియుండును. ఆ వరుసలలో అక్కడక్కడ లోపములుండును. లోహము వంగునపుడు ఈ లోపములు జరుగును, పెరుగును, ఒకదానికొకటి అడ్డుపడును. సందులో బండ్లు ఎక్కువైనచో ఏదియు కదలలేనట్లే, లోపములు చిక్కుపడిన చోట లోహము మరి సులభముగా వంగదు. 1956లో కేంబ్రిడ్జిలో హిర్ష్, ఆయన సహచరులు ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో అల్యూమినియము రేకులో ఈ లోపముల కదలికను కన్నులార చూచిరి. కంచరి నిప్పులో కాల్చినపుడు విప్పినది ఈ చిక్కునే.

టింకరు చేయు పని

కారు సొట్టలో నిజముగా హద్దు దాటి మారిన భాగము కొంచెమే. సొట్ట అంచున ఏర్పడిన మడత, గట్టిపడిన కట్ట, ఇవియే ఆ భాగము. మిగిలిన లోతైన పల్లము చాలవరకు ఆ మడత పట్టుకొనుటచే అట్లున్నదే కాని, తనంత తాను చెడలేదు. కావున నేర్పరి పల్లపు నడుమ కొట్టడు. చివర ఏర్పడిన మడతను ముందు విప్పును. పల్లము క్రింద ఇనుప దిమ్మను ఒత్తిపట్టి, ప్రక్కనే లేచిన కట్టపై సుత్తితో తట్టును. మడత వదలగనే తక్కిన రేకు తనంత తానే చాలవరకు పైకి వచ్చును.

తెలియనివాడు పల్లమును గట్టిగా మోదును. సుత్తికి దిమ్మకు నడుమ నలిగిన రేకు పలుచనై సాగును. సాగిన రేకునకు చోటు చాలదు. అది ఉబ్బి, నొక్కినపుడు డబ్బా మూతవలె టక్కుమని లోపలికి పోవును. అప్పుడు నిప్పుతో కుదించవలెను. పావలా అంత చోటును ఎర్రగా కాల్చినచో అది వ్యాకోచింప జూచును. చుట్టునున్న చల్లని రేకు దానిని సాగనీయదు. మెత్తనైన లోహము దళసరి యగును. చల్లారినపుడు అంతమేర కుదియును. ఉక్కు ఒక సెంటీగ్రేడు డిగ్రీకి తన పొడవులో పదిలక్షలలో 12 వంతులు వ్యాకోచించును. 25 మిల్లీమీటర్ల చోటును 600 డిగ్రీలు వేడిచేసినచో కలుగు మార్పు సుమారు 0.18 మిల్లీమీటరు. చూచుటకు స్వల్పమే, కాని ఉబ్బును దింపుటకు ఇట్టి చుక్కలు కొన్ని చాలును.

మిగిలిన చిన్న పల్లములను పూర్వము సీసము, తగరము కలిపిన లోహముతో పూడ్చెడివారు. సీసము విషమగుటచే, రెండవ ప్రపంచ యుద్ధానంతరము పాలియెస్టరు లప్పము దాని స్థానమును పొందెను.

మారిన రేకు

1950 దశకపు చివరి నుండి 2014 వరకు తయారైన అంబాసిడరు కారు రేకు దళసరిది, మెత్తనిది. విజయవాడ ఆటోనగరులోను, ఇతర ఊళ్లలోను ఎందరో యువకులు గురువు చెంత సుత్తి పట్టి నేర్చినది ఇట్టి రేకుపైననే. 1983లో మారుతి 800 వచ్చిన పిమ్మట కార్లు తేలికపడినవి. నేటి కార్ల పైరేకు మందము 0.7 మిల్లీమీటరునకు అటునిటు ఉండును. లోపలి స్తంభములు మాత్రము ఎర్రగా కాల్చి, అచ్చులోనే చల్లార్చి గట్టిచేసిన ఉక్కువి. ప్రమాదములో మనుష్యులను కాపాడునవి అవే.

ఇక్కడనే పాత విద్యకు పరీక్ష. అంబాసిడరు మడ్గార్డును బాగుచేసిన నిప్పే, ఈ స్తంభమునకు తగిలినచో దాని గట్టిదనమును పోగొట్టును. రంగు వేసిన పిదప కంటికి అంతయు సరిగానే కనబడును. లోపము రెండవ ప్రమాదముననే బయటపడును. అల్యూమినియము మరియొక చిక్కు తెచ్చును. ఉక్కువలె అది ఎర్రబడి హెచ్చరింపదు. 660 డిగ్రీలకు రంగు మారకయే కరగిపోవును.

కావున పాత నేర్పు పనికిరానిదని కాదు. మడతను ముందు విప్పుము, రేకును సాగనీయకుము అను నియమము నేటికిని నిజమే. రంగు చెడకుండ, లోపలి నుండి సన్నని కడ్డీలతో సొట్టను నెట్టు నేటి పద్ధతియు ఆ నియమమునే అనుసరించును. అయితే చేతిలోనిది ఏ లోహమో, అది ఎట్లు గట్టిపడినదో ఇప్పుడు ముందుగా తెలిసికొనవలెను. పూర్వము చేతి అనుభవము ముందు నడచెను, శాస్త్రము వెనుక వచ్చెను. ఇకపై ఆ రెండును కలసి నడచిననే, సొట్ట తీసిన కారులో కూర్చున్నవారికి క్షేమము.