లొతెరియా పలకల మీద స్పానిష్ పాఠం: చిన్నపిల్లల తరగతిలో ఆటల బోధన

అమెరికా బడుల్లో విదేశీ భాషగా అందరికంటే ఎక్కువమంది నేర్చుకునేది స్పానిష్. ఇంగ్లండు ప్రభుత్వ బడుల్లో 2014 సెప్టెంబరు నుంచి 7-11 ఏళ్ల పిల్లలకు ఒక విదేశీ భాష తప్పనిసరి అయ్యాక, అక్కడా ఫ్రెంచి తర్వాతి స్థానం దీనిదే. ఈ తరగతుల్లో తెలుగు కుటుంబాల పిల్లలూ ఉంటున్నారు. స్పానిష్‌కు దొరికే సమయం మాత్రం వారానికి ఒకటి రెండు పీరియడ్లు. ఆ కొద్దిసేపట్లో పిల్లల్ని కూర్చోబెట్టి క్రియారూపాలు వల్లె వేయించలేక టీచర్లు ఆటల్ని ఆశ్రయిస్తారు. అయితే పిల్లలు సరదాగా ఆడిన ప్రతి ఆటా భాష నేర్పదు. భాష వాడితే తప్ప గెలవలేని ఆటే నేర్పుతుందన్నది ఈ వ్యాసం ప్రతిపాదన.

ముందు చెవి, తర్వాత నోరు

శాన్ హొసే స్టేట్‌లో మనస్తత్వశాస్త్రం బోధించిన జేమ్స్ ఆషర్ 1960ల్లో ఒక పద్ధతిని రూపొందించారు. పసిపిల్లలు మాటలు రాకముందే పెద్దల మాట విని అర్థం చేసుకుంటారు, చెప్పినట్టు చేస్తారు. రెండో భాషకూ ఇదే దారి పనికొస్తుందని ఆయన వాదన. టీచరు ఆజ్ఞ ఇస్తారు, పిల్లలు ఒళ్లు కదిలించి జవాబిస్తారు.

‘సిమోన్ దీసె’ ఆటలో ఈ సూత్రం చక్కగా పనిచేస్తుంది. ‘సిమోన్ చెబుతున్నాడు’ అన్న మాటతో మొదలైన ఆజ్ఞనే పాటించాలి. ‘సిమోన్ దీసె: తోకెన్ లా నరీస్’ అంటే అందరూ ముక్కు ముట్టుకుంటారు. ఉత్త ‘సాల్తెన్’ విని గెంతినవాళ్లు ఔట్. ఇక్కడ నోరు విప్పాల్సిన పనిలేదు కాబట్టి బిడియస్తులూ ధైర్యంగా ఆడతారు. చెవి ఒగ్గి వినకపోతే మాత్రం ఎవరికైనా ఓటమే.

బొమ్మలు, చిక్కుడు గింజలు

మాట్లాడించే దశకు మెక్సికో నుంచి వచ్చిన లొతెరియా బాగా సరిపోతుంది. 1769లో స్పెయిన్ నుంచి అక్కడికి చేరిన ఈ ఆటకు, 1887లో క్లెమెంతె జాక్ అనే వ్యాపారి అచ్చువేసిన బొమ్మలు స్థిరరూపమిచ్చాయి. మన తంబోలా లాంటిదే కానీ అంకెలకు బదులు బొమ్మలుంటాయి. కార్డులు 54, ఒక్కో పలక మీద 16 గళ్లు. పిలిచే మనిషిని ‘గ్రితోన్’ అంటారు. పిలిచిన బొమ్మ తన పలకలో ఉంటే దాని మీద ఒక చిక్కుడు గింజ పెట్టాలి. వరుస నిండగానే ‘లొతెరియా!’ అని అరవాలి.

కోడిపుంజు ‘ఎల్ గాయో’, చంద్రుడు ‘లా లూనా’, కప్ప ‘లా రానా’: దాదాపు ప్రతి కార్డు మీదా పేరుతో పాటు లింగాన్ని తెలిపే ‘ఎల్’, ‘లా’ కూడా అచ్చయి ఉంటాయి. ‘ఓ’తో ముగిసే పదాలు సాధారణంగా పుంలింగాలు. చేతికి మాత్రం ‘లా మానో’ అనే అనాలి. సూత్రం చెబితే మర్చిపోయే ఈ మినహాయింపు, పదే పదే ఆ కేక విన్న పిల్లల నోట దానంతటదే నిలుస్తుంది. ఆ కట్టలో తాగుబోతు, మృత్యువు వంటి కార్డులూ ఉన్నాయి గనుక చిన్న తరగతుల్లో వాటిని తీసేయడం మంచిది.

మొదటి వారాల్లో టీచరే గ్రితోన్. తర్వాత ఆ పని పిల్లలది. గెలిచినవాళ్లు తమ వరుసలోని నాలుగు బొమ్మల పేర్లు ‘ఎల్’, ‘లా’లతో సహా తిరిగి చెబితేనే గెలుపు ఖాయమవుతుంది.

గెలిచినా నేర్వని ఆటలు

బోర్లించిన కార్డుల్లో జతలు వెతికే ఆటను స్పానిష్ తరగతుల్లో తరచూ ఆడిస్తారు. జ్ఞాపకశక్తి ఉన్న పిల్ల ఒక్క స్పానిష్ మాటా పలక్కుండా దాన్ని గెలవగలదు. అవే కార్డుల్ని పంచి, కావలసిన జతను అడిగి తీసుకోవాలన్న నియమం పెడితే కథ మారుతుంది. ‘తియేనెస్ ఎల్ గాతో?’ (నీ దగ్గర పిల్లి ఉందా?) అని ఒకరు అడగాలి, ‘సీ, లో తెంగో’ అనో ‘నో లో తెంగో’ అనో రెండోవారు చెప్పాలి. ‘నీకు ఉంది’, ‘నాకు ఉంది’ అనే రెండు క్రియారూపాలు ఒక్క పీరియడులో పదుల సార్లు అవసరం కొద్దీ నోటికొస్తాయి.

ఆటల నుంచి ఆశించే ఫలితానికీ హద్దుంది. బార్సిలోనాలో ఇంగ్లిషు నేర్చుకున్న విద్యార్థుల మీద కార్మెన్ మున్యోస్ బృందం జరిపిన పరిశోధనలో, సమాన గంటలు చదివినప్పుడు ఆలస్యంగా మొదలుపెట్టిన పెద్ద పిల్లలే వేగంగా ముందుకెళ్లారు. చిన్నవయసుకున్న లాభం అందిరావాలంటే భాష మధ్య చాలాకాలం బతకాలి. మయామీలోని కోరల్ వే బడి 1963లో స్పానిష్‌నూ ఇంగ్లిషునూ రెండింటినీ బోధన మాధ్యమాలుగా చేసి అలాంటి అవకాశం కల్పించింది. వారానికి రెండు పీరియడ్లున్న బడి ఆ ఫలితాన్ని ఆశించకూడదు.

కనుక మొదటి ఏడాది చివర రాతపరీక్ష కంటే, ఒక్కో పిల్లకీ కార్డుల కట్ట ఇచ్చి గ్రితోన్‌గా నిలబెట్టడం మేలు. పేరు తెలిసిందా, ‘ఎల్’, ‘లా’ సరిగా పడ్డాయా, కేక విన్న తోటివాళ్లకు బొమ్మ అందిందా అన్న మూడింటినీ టీచరు నమోదు చేసుకుంటే, వచ్చే ఏడాది పాఠం ఎక్కడ మొదలుపెట్టాలో తేలుతుంది.