చేతిపని కూడా కానుకే

పెద్దారవీడు చుట్టుపక్కల సంఘాలలో "తలాంతులున్నవారు ముందుకు రండి" అని పిలిస్తే లేచేది గొంతు బాగున్నవారు, కీబోర్డు వచ్చినవారు. తాపీ మేస్త్రీ, దర్జీ, మార్కాపురం పలకల పనికి వెళ్ళే సహోదరుడు కూర్చునే ఉంటారు. ఆ పిలుపు తమకు కాదని వారికి నేర్పింది మన వేదికలే.

పాట సేవను తక్కువ చేయడం మా ఉద్దేశం కాదు. పురుషోత్తమ చౌదరి (1803-1890) కీర్తనలు లేకుండా మన ఆరాధనను ఊహించలేము. అయితే మత్తయి 25లోని తలాంతు ప్రతిభ కాదు, వెండిని తూచే తూకం. కూలివాని దాదాపు ఇరవై ఏళ్ళ సంపాదన. నైపుణ్యం అనే అర్థం ఆ ఉపమానం నుండి తరువాత పుట్టింది. చేతిపని గురించి చదవాలంటే నిర్గమకాండము 31, 35 అధ్యాయాలు తెరవాలి. అక్కడ దేవుడు తన ఆత్మతో నింపినవాడు యాజకుడు కాదు, ప్రవక్త కాదు. లోహపు పని, రత్నాలు పొదగడం, కొయ్య చెక్కడం తెలిసిన బెసలేలు. అతనికీ అహోలీయాబుకూ ఇతరులకు నేర్పే మనసు కూడా ఇచ్చాడు. నూలు వడికిన స్త్రీలను సైతం లేఖనం మరువలేదు.

మన ప్రాంతపు సంఘ చరిత్ర కూడా చేతిపనివారితోనే మొదలైంది. 1866లో బాప్తిస్మం పొందిన తాళ్ళకొండపాడు యెర్రగుంట్ల పేరయ్య తోళ్ళ వ్యాపారి. క్లౌ దొరగారికంటే ముందు పల్లెల మాట, మర్యాద ఎరిగినవాడు ఆయనే. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున 2,222 మంది బాప్తిస్మం పొందిన రోజు వెనుక ఇటువంటివారి కాలినడక ఉంది. ఆ తరం విశ్వాసులు గ్రామదేవతల కొలుపులకు డప్పు కొట్టము అని చెప్పి దెబ్బలు, బహిష్కరణ భరించారు. వారు విడిచింది ఆ కొలువును. డప్పు నేరం చేసిందా? క్రిస్మస్ ఊరేగింపులో ఆ వాద్యానికి చోటివ్వడానికి ఇంకా వెనుకాడే పెద్దలను అడగవలసిన ప్రశ్న ఇది.

ఇంకొక మాట, ఇది మాకే తగులుతుంది. బయటినుండి వచ్చిన కీబోర్డు వాయిద్యకారునికి కవరు ఇచ్చి, మందిరం గోడ కట్టిన మన మేస్త్రీకి "ప్రభువు పని గదా" అని చెప్పి పంపిన సందర్భం మా సేవలోనూ ఉంది. అతడు ఆ వారం కూలి పోగొట్టుకున్నాడు. మేము అడగలేదు, అతడు చెప్పలేదు. రెండవ రాజులు 12లో యెహోయాదా మూతకు బెజ్జము చేసి పెట్టిన పెట్టెలోని సొమ్ము వడ్రంగులకు, కాసెపనివారికి కూలిగా వెళ్ళింది. ఇష్టపూర్వకంగా ఇచ్చేది కానుక, మొహమాటపెట్టి రాబట్టేది కాదు.

కాబట్టి సంఘ పుస్తకంలో పేర్ల పక్కన ఎవరికి ఏ పని వచ్చో కూడా రాయండి. కుట్టుపని వచ్చిన సహోదరి శనివారం మధ్యాహ్నం ఇద్దరు ఆడపిల్లలకు మిషను నేర్పగలదేమో అడగండి. వీలుపడదంటే మళ్ళీ అడగవద్దు. ఒప్పుకుంటే దారం, గుడ్డ ఖర్చు సంఘం పెట్టుకోవాలి.