గుర్రాల పచ్చిక బయలుకు కంచె

గుర్రాలు మేసే బయలు చుట్టూ వేసే కంచెను వాటి స్వభావాన్ని బట్టి ఎంచుకోవాలి. గుర్రం బెదిరితే ముందూ వెనకా చూడక పరుగెత్తుతుంది. దాని తోలు పలచన, ముందుకాళ్లకు మోకాలి కింద కండ ఉండదు. 1874లో జోసెఫ్ గ్లిడెన్ పేటెంటు పొందిన ముళ్ల తీగ ఆవుల మందలకు ఎంత అక్కరకొచ్చినా, గుర్రాలకు పనికిరాదు. కాలు చిక్కితే గింజుకుని స్నాయువుల దాకా కోసుకుంటాయి.

అమెరికాలో కెంటకీ రాష్ట్రపు లెక్సింగ్టన్ చుట్టుపక్కల, పందెపు గుర్రాలను పెంచే క్షేత్రాల్లో ఓక్ పలకల కంచె ప్రసిద్ధం. సాధారణంగా నాలుగు వరుసలు, ఎత్తు నాలుగున్నర నుంచి 5 అడుగులు. పలకలను గుంజలకు లోపలివైపున కొడతారు. గుర్రం ఒరిగినా మేకులు ఊడిరావు. మూలలను గుండ్రంగా తిప్పడం మంచిది. లేకుంటే మందలో బలహీనమైనది అక్కడ ఇరుక్కుని తన్నులు తింటుంది. ఒకప్పటి తెల్ల రంగుకు బదులు ఇప్పుడు చాలాచోట్ల నలుపు వేస్తున్నారు. అందం కోసం కాదు, ఖర్చు తగ్గుతుందని.

గుర్రపు పిల్లలున్న చోట గిట్ట దూరనంత చిన్న కళ్ల ఇనుప వల మేలు. కంటికి ఆనేలా దాని పైన ఒక పలక ఉండాలి. విద్యుత్ కంచెకైతే సన్నని తీగకన్నా వెడల్పాటి పట్టీ నయం. పోట్లాడుకునే మగగుర్రాల బయళ్ల మధ్య రెండు కంచెలు వేసి నడవ వదులుతారు.